చూడవచ్చినవారి ఋణము: సూరతున విద్యార్థుల సంఘీభావయాత్రలు

ఒక దేశపు విద్యార్థులు మరియొక దేశమునకు పోయి, అచ్చటి కూలివాని కష్టమును, రైతు అప్పును, స్త్రీ పడు అవస్థను కన్నులార చూచి, ఆ ప్రజలతో కొన్నిదినములు కలసియుండి, వారి పక్షమున నిలుతుమని మాటయిచ్చి మరలివచ్చుట ఇప్పుడు విద్యలో ఒక భాగముగా పరిగణింపబడుచున్నది. ఐరోపా, అమెరికా ఖండముల విశ్వవిద్యాలయములు అనేకము ఇట్టి యాత్రలకు పాఠ్యక్రమములో స్థానమిచ్చినవి. ధర్మసంస్థలు వానిని నడుపుచున్నవి. మన విద్యాలయములును ఇటీవల ఆ మార్గము పట్టినవి. ఈ యాత్రలవలన యాత్రికునకు మేలు కలుగుననుటలో వివాదము లేదు. అతడు ఎవరిని చూచుటకై వచ్చెనో వారికి కలుగు మేలేమి, వారు భరించు భారమేమి, చూచినదానివలన లోకమున వచ్చిన మార్పేమి అను ప్రశ్నలకు మాత్రము సమాధానము అంత సులభముగా దొరకదు.

ఈ ప్రశ్నలను సమీక్షించుటకు తాపీనదీతీరమునందలి సూరతు నగరము మిక్కిలి తగిన స్థలము. 17వ శతాబ్ది ఆరంభమున, మన మచిలీపట్నమునకు వచ్చినట్లే, ఇచ్చటికిని ఆంగ్లేయులు, డచ్చివారు వర్తకమునకై వచ్చి కోఠీలు కట్టుకొనిరి. 1615లో సర్ టామస్ రో జహంగీరు చక్రవర్తి సభకు పోవుచు ఈ రేవుననే దిగెను. ఆ వర్తకుల లెక్కపుస్తకములలో బట్టకును ధరకును దక్కిన స్థానము నేసిన చేతికి దక్కలేదు. మూడువందల యేండ్లకు పిమ్మట, ఆ చేతినే చూచి తెలిసికొనవలెనను కోరికతో మరియొక తీరు విదేశీయులును, స్వదేశపు విద్యార్థులును అదే సీమకు రాజొచ్చిరి. నేడు ఆ నగరమున మరమగ్గములను నడుపు శ్రామికులలో అత్యధికులు ఇతర రాష్ట్రములనుండి వచ్చినవారే. వారిలో తెలంగాణమునుండి పోయిన తెలుగు నేతకుటుంబములు వేలసంఖ్యలో కలవు. కావున ఇది తెలుగు పాఠకులకు పరాయి విషయము కాదు. పరుల కష్టమును చూచినవాడు చూచిన క్షణముననే ఋణస్థుడగుననియు, ఆ ఋణమును తీర్చు ఏర్పాటు యాత్రలోనే ఇమిడియున్నప్పుడు మాత్రమే అది సంఘీభావయాత్ర యగుననియు, లేనియెడల ఎంత సదుద్దేశముతో కూడినదైనను అది విహారయాత్రగనే మిగులుననియు ఈ వ్యాసమున నిరూపింపదలచితిని.

యాత్రల పూర్వగాథ

చదువుకొన్న యువకులు బీదలనడుమ నివసించి నేర్చుకొనవలెనను భావము ఆధునికరూపమున 1884లో లండను తూర్పుభాగమున స్థాపింపబడిన టాయిన్బీ హాలుతో వ్యవస్థితమైనదని చెప్పవచ్చును. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు శ్రామికవాడలో నివాసమేర్పరచుకొని, పగలు తమ వృత్తులు చేసికొనుచు, సాయంకాలము పొరుగువారికి చదువు చెప్పుచు, వారినుండి జీవితము నేర్చుకొనుట దాని పద్ధతి. మొదటి ప్రపంచ యుద్ధానంతరము స్విట్జర్లాండు దేశీయుడైన పియేర్ సెరెసోల్ 1920లో, వెర్డున్ యుద్ధమున నేలమట్టమైన ఒక ఫ్రెంచి గ్రామమును పునర్నిర్మించుటకై, నిన్నటివరకు పరస్పరశత్రువులైన దేశముల యువకులను ఒకచోట చేర్చి పలుగు పార చేతికిచ్చెను. 1934లో బీహారు భూకంపము సంభవించినప్పుడు ఆయనయే సహచరులతో మన దేశమునకు వచ్చి, గ్రామములను తిరిగి కట్టు పనిలో స్వయముగా మట్టి మోసెను. ఈ శాఖకు శరీరశ్రమయే సంఘీభావము, ఉపన్యాసము కాదు.

రెండవ శాఖ విచారణకు సంబంధించినది. 1915లో సి. ఎఫ్. ఆండ్రూస్, డబ్ల్యు. డబ్ల్యు. పియర్సన్ అను ఇరువురు ఆంగ్లేయులు, శాంతినికేతనముతో సంబంధము గలవారు, ఫిజీ ద్వీపములకు పోయి చెరకుతోటలలో ఒప్పందపు కూలీలుగా పనిచేయుచున్న భారతీయుల దుస్థితిని పరిశీలించిరి. ఆ కూలీలలో చెన్నపట్టణపు రేవునుండి ఓడనెక్కిన తెలుగువారును ఉండిరి. ఆ ఇరువురు తాము చూచినదానిని నివేదికగా ప్రకటించి ఊరకుండలేదు. ఆ పద్ధతి రద్దగువరకు భారతదేశమున ప్రజాభిప్రాయమును కూడగట్టిరి. 1920 జనవరి 1వ తేదీతో ఫిజీలోని ఒప్పందములు రద్దయినవి. చూచినవారు చూపునకు బాధ్యత వహించుట యెట్టిదో ఈ ఉదాహరణము తెలుపుచున్నది.

మూడవ శాఖ రాజకీయమైనది. 1969నుండి అమెరికా యువకులు, తమ ప్రభుత్వము విధించిన నిషేధములను లెక్కచేయక, క్యూబాకు పోయి చెరకు నరికిరి. 1980లలో నికరాగువాకు పోయి కాఫీపండ్లు కోసిరి. వారి కోతవలన ఆ దేశముల పంట ఎంత పెరిగినదన్నది ముఖ్యము కాదు. తమ దేశపు విదేశాంగనీతిని తమ దేశముననే ప్రశ్నించు సాక్షులు తయారగుట వారి యాత్రల నిజమైన ప్రయోజనము. మన తెలుగుసీమలో అనంతపురము ఇట్టి రాకపోకలకు ప్రసిద్ధమైనది. బార్సిలోనాలో జన్మించిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ కరవుజిల్లాకు వచ్చి గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పిననాటినుండి, స్పెయిను దేశపు సామాన్యకుటుంబములు అనేకము అచ్చటి బాలబాలికలకు తోడ్పడుచు, వీలున్నప్పుడు స్వయముగా వచ్చి ఆ గ్రామములను చూచి పోవుచున్నవి. ఈ మూడు శాఖలు ఒండొంటితో కలసియే నేటి విద్యార్థియాత్ర ఏర్పడినది: అందు కొంత సేవ, కొంత విచారణ, కొంత పక్షావలంబనము.

రెండు ఆక్షేపణలు

ఈ యాత్రలపై వచ్చిన విమర్శలలో రెండింటికి ప్రత్యేకస్థానము కలదు. 1968 ఏప్రిలులో మెక్సికోదేశపు క్వెర్నవాకా పట్టణమున, వేసవిసేవకై రాదలచిన అమెరికా విద్యార్థుల సమావేశమున, వియన్నాలో జన్మించిన మతాచార్యుడు ఇవాన్ ఇల్లిచ్ వారి సదుద్దేశమునే నిలదీసెను. తమ భాష తెలియని, తమ ఆచారము తెలియని, తమకు జవాబుదారులు కాని యువకులు ఉద్ధారకులుగా దిగుట గ్రామస్థులను అవమానించుటయే యని అతని వాదము. చూచుటకు రండు, నేర్చుకొనుటకు రండు, సాయము చేయుదుమని మాత్రము రావలదు అని అతడు తేల్చిచెప్పెను. ఈ వాదమున కాఠిన్యము కలదు గాని అసత్యము లేదు.

రెండవ ఆక్షేపణ చూపునకు సంబంధించినది. ఆంగ్లపండితుడు రాబర్ట్ చేంబర్స్ 1983లో వెలువరించిన గ్రంథమున, పట్టణమునుండి పల్లెకు పోవు పరిశీలకుల కంట దారిద్ర్యము ఏల పడదో విశదీకరించెను. వారు తారురోడ్డు పోయినంతవరకే పోవుదురు. వానలు వెలిసిన పిమ్మట, చలువవేళలలో పోవుదురు. పథకము నడచుచున్న ఊరికే పోవుదురు. ఊరిపెద్దలతో, అందును పురుషులతోనే మాటలాడుదురు. మర్యాదకు కట్టుబడి చేదుప్రశ్నలు అడుగరు. కావున వ్యాధిచే మంచము పట్టినవాడు, పనికై వలసపోయినవాడు, ఇల్లు కదలని స్త్రీ వారికి ఎన్నడును ఎదురుపడరు.

ఇల్లిచ్ సేవను నిరాకరించి చూపును అనుమతించెను. చేంబర్స్ ఆ చూపే లోపభూయిష్టమని చూపెను. ఈ రెండింటిని ఒప్పుకొన్నవానికి యాత్రయే వలదనిపించుట సహజము. ఐనను అట్టి నిశ్చయమునకు వచ్చుటకు ముందు సూరతుసీమలో జరిగిన కొన్ని యాత్రలను పరిశీలింపవలసియున్నది. ఏలయనగా ఈ ఆక్షేపణలకు జవాబు సిద్ధాంతమున కంటె ఆచరణమున మెండుగా లభించుచున్నది.

సూరతుసీమలోని నిదర్శనములు

1930లో గాంధీమహాత్ముడు సబర్మతినుండి దండి సముద్రతీరమునకు నడచిపోవునప్పుడు గుజరాత్ విద్యాపీఠపు విద్యార్థులు అరుణ్ టుకడీ అను పేర ముందుగా గ్రామములకు పోయి, బసలు కుదుర్చుటయేగాక, ఒక్కొక్క ఊరి జనాభాను, అస్పృశ్యులుగా ఎంచబడువారి సంఖ్యను, రాట్నములను, పశువులను, భూమిశిస్తును, తలకు ఖర్చగు ఉప్పును విచారించి లెక్కలు సేకరించిరి. మహాత్ముడు ఊరుచేరి ప్రసంగించునప్పుడు ఆ లెక్కలనే ఆ ఊరివారి యెదుట పెట్టెడివాడు. ఇందలి విశేషము గమనింపదగినది. విద్యార్థులు సేకరించిన జ్ఞానము వారి పరీక్షకు కాక, ఏ ఊరినుండి సేకరింపబడెనో ఆ ఊరికే అదే దినముననో మరునాడో తిరిగి ముట్టెను. సమాచారమిచ్చిన రైతు దానిని విన్నవాడును ఆయెను, దానిమీద నిర్ణయము తీసికొన్నవాడును ఆయెను.

ఆ యాత్రలోనే సూరతు జిల్లాలోని భాట్‌గామ్ గ్రామమున మార్చి 29వ తేదీన జరిగిన సంఘటన సంఘీభావయాత్రికులందరు కంఠస్థము చేయదగినది. యాత్రికులకై సూరతునుండి మోటారులారీలో పాలు, తాజా కూరగాయలు తెప్పింపబడినవనియు, బరువైన పెద్దదీపమును ఒక కూలివాని నెత్తిన పెట్టి త్వరగా నడువుమని తొందరపెట్టిరనియు తెలిసి మహాత్ముడు మిక్కిలి నొచ్చుకొనెను. రాజప్రతినిధి జీతము దేశపు సగటు ఆదాయమునకు ఎన్నివేలరెట్లు ఉన్నదని విమర్శించు మనము, బీదలపేరిట బయలుదేరి ఆ బీదలకు అందని ఆహారమును భుజించినచో విమర్శించు హక్కును కోల్పోదుమని ఆ సాయంకాలము అందరియెదుట పలికెను. ఎవరి విముక్తికై యాత్ర సాగుచుండెనో అట్టివానినెత్తిననే దీపము మోపబడుట నేటికిని మన యాత్రలలో వేరువేరు రూపములలో జరుగుచునే యున్నది. విమానపు ఖర్చును బీదలకే పంచిపెట్టిన మేలుకదా యను వాదమును నేను అంగీకరింపను. ప్రత్యక్షానుభవమునకు వెలకట్టి దానిని దానధర్మముతో తూచుట సరికాదు. కాని అతిథి సౌఖ్యమునకును ఆతిథేయి బ్రదుకునకును నడుమ ఒక దామాషా ఉండవలెనను భాట్‌గామ్ ధర్మము తప్పరానిది.

స్వాతంత్ర్యానంతరపు తొలిదినములలో మరియొక ఉదాహరణము కనబడుచున్నది. సూరతులో న్యాయవాది కుమార్తెగా పెరిగి, అచ్చటి ఎం. టి. బి. కళాశాలలో చదువుకొనుచున్న ఇళా అను బాలిక, 1951 జనాభాలెక్కల సందర్భమున, రమేశ్ భట్ అను విద్యార్థినాయకుని వెంట సూరతు బీదవాడలకు పోయి కుటుంబముల స్థితిగతులను నమోదుచేయు పనిలో పాల్గొనెను. ఆమె పరదేశమునకు పోలేదు, తన నగరముననే కొన్నివీధులు దాటెను. ఐనను ఆమె వర్గమునకు ఆ వీధులు పరదేశమంత దూరముననే యుండెను. ఆమెయే ఇళా భట్. 1972లో అహమ్మదాబాదున స్వయముపాధి స్త్రీల సంఘమైన సేవాను స్థాపించి, బండిమీద కూరలమ్ము స్త్రీ, బరువులు మోయు స్త్రీ, ఇంట కూర్చుండి కుట్టుపని చేయు స్త్రీ శ్రామికులే యని లోకముచేత ఒప్పించిన మహనీయురాలు. ఆ సంస్థయే తరువాత పరిశీలకుల రాకకు ఒక చక్కని పద్ధతి నేర్పరచెను: వచ్చిన పండితుడు సంఘసభ్యురాలి యింటనే రాత్రి బసచేసి, ఆమెతోపాటు పనికి పోయి, పిమ్మట తాను చూచినదానిని ఆమె సమక్షముననే చర్చింపవలయును. 2004లో ప్రసిద్ధులైన ఆర్థికశాస్త్రవేత్తలు కొందరు ఈ నియమమునకు లోబడి వచ్చి, కనీసవేతనము, విదేశవాణిజ్యము వంటి విషయములపై తమలో తాము వాదించుకొనిరి. ఈ పద్ధతిలో ఆతిథేయురాలు పరిశీలింపబడు వస్తువు కాదు, ఉపాధ్యాయురాలు.

ఇక విదేశీయుని విషయము. 1960ల ఆరంభమున హాలెండుదేశమునుండి యాన్ బ్రేమన్ అను యువపరిశోధకుడు దక్షిణ గుజరాతు గ్రామములకు వచ్చెను. భూస్వామియొద్ద పెండ్లికై అప్పుచేసి, దానిని తీర్చలేక తరతరములు కట్టుబడియుండు హాలీల పద్ధతిని, అందు నలిగిన దుబ్లా కులస్థుల బ్రదుకును అతడు అధ్యయనము చేసెను. పట్టమందిన పిమ్మట అతడు ఆ గ్రామములను విడిచిపోలేదు. అర్ధశతాబ్దిపాటు మరల మరల వచ్చి, హాలీ సంకెల తెగిన తరువాత ఆ కూలీలకు దొరికిన స్వేచ్ఛ ఎట్టిదో, పొలమునుండి ఇటుకబట్టీకి, అచ్చటినుండి సూరతు మరమగ్గములకు, వజ్రపుసానలకు వారు ఎట్లు కొట్టుకొనిపోవుచుండిరో గ్రంథములుగా రచించెను. 1928లో వల్లభాయి పటేల్ నాయకత్వమున, 22 శాతపు శిస్తుపెంపును ఎదిరించి, విచారణానంతరము దానిని సుమారు 6 శాతమునకు దింపించి జగత్ప్రసిద్ధి గాంచిన బార్డోలీ తాలూకాలోనే, చక్కెరకర్మాగారములకై ఖాందేశునుండి వచ్చి చెరకునరకు వలసకూలీలు పొలముగట్ల గుడిసెలలో ఎట్టి దుర్భరస్థితిలో నుండిరో 1970లలో అతడు వెల్లడించెను. సత్యాగ్రహపు పుణ్యక్షేత్రమని బార్డోలీని దర్శించి పోవు యాత్రికులకు ఆ గుడిసెలు కంటబడలేదు. మరల మరల వచ్చినవానికి కంటబడినవి. మొదటి రాకలో ఊరివారు చూపినది చూచుదుము. పదియవ రాకలో ఊరు దాచినది తెలియును.

సూరతు జిల్లాలో అప్పుడు భాగమై, ఇప్పుడు తాపీ జిల్లాలో చేరిన వేడ్ఛీ గ్రామమున జుగత్‌రామ్ దవే ఆదివాసులనడుమ ఆశ్రమజీవనము గడపెను. అచ్చటనే గాంధీమహాత్ముని కార్యదర్శియైన మహాదేవ దేశాయి కుమారుడు నారాయణ దేశాయి 1980ల ఆరంభమున సంపూర్ణక్రాంతి విద్యాలయమును నెలకొల్పి, యువకులకు అహింసలోను శరీరశ్రమలోను శిక్షణమిచ్చెను. 1981లో కెనడాలో ఉద్భవించిన అంతర్జాతీయ శాంతిదళముల స్థాపకులలో ఆయన యొకరు. ప్రాణాపాయములో నున్న స్థానిక కార్యకర్తలు కోరినప్పుడు మాత్రమే విదేశీయులు పోయి, వారి వెంట నిరాయుధులై నిలిచి, తమ ఉనికినే కవచము చేయుట ఆ దళముల నియమము. వారు సలహాలు చెప్పరు, నాయకత్వము వహింపరు. పరదేశీయుని సాన్నిధ్యము ఎప్పుడు నిజముగా ఉపకరించునో ఈ నియమమువలన స్పష్టమగుచున్నది: పిలిచినవారు స్థానికులైయుండవలె, పని హద్దును గీచినవారును స్థానికులే అయియుండవలె.

నేటి సూరతు, తెలుగు నేతగాండ్రు

నేడు సూరతును చూడవచ్చు విద్యార్థి యేమి చూచుచున్నాడు? 1994 సెప్టెంబరులో ప్లేగువ్యాధి భయముతో జనులు లక్షలుగా పారిపోయిన నగరమును, 1995లో పురపాలకసంఘ కమీషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు నాయకత్వమున అల్పకాలమునకే దేశపు పరిశుభ్రనగరములలో ఒకటిగా తీర్చిరనుట చరిత్రప్రసిద్ధము. ఆ మార్పును చూచుటకు ఎందరో వచ్చిరి, రావలసినదే. వజ్రముల సానలను, రింగురోడ్డుమీది బట్టల మార్కెట్లను, తాపీవంతెనలను నేటి విద్యార్థికి చూపుదురు. యాత్ర తరచుగా శీతకాలమున జరుగును. అప్పుడు వీధులలో లేతజొన్నల పొంకు అమ్ముదురు, ఆకాశమున గాలిపటము లెగురును, ఊరు ముచ్చటగా నుండును. మేనెల మధ్యాహ్నమున రేకులకప్పు క్రింద మగ్గముల సెగ యెట్టిదో ఆ విద్యార్థికి తెలియుట కవకాశము లేదు.

ఉధనా, పాండేసరా, లింబాయత్ ప్రాంతములలో మరమగ్గముల షెడ్లు వరుసగా నుండును. పండ్రెండు గంటల పాళీ. పగలొకరు, రాత్రి యొకరు. కూలి మీటరులెక్క. ఒక్కొక్క నేతగాడు పలు మగ్గములను ఒంటరిగా కాచుచు, తెగిన పోగును అతుకుచు, అటునిటు తిరుగుచునే యుండవలయును. ఆ మ్రోతలో ప్రక్కవాని మాట వినబడదు, ఏండ్లు గడచినకొలది చెవులు దెబ్బతినును. ఒడిశాలోని గంజాం జిల్లానుండి వచ్చిన కూలీలు మెస్సుగదులలో నివసింతురు. రాత్రిపాళీవాడు లేచిపోయిన పరుపుమీదనే పగటిపాళీవాడు పండుకొనును. చాల షెడ్లు ఫ్యాక్టరీచట్టము క్రింద కాక దుకాణములచట్టము క్రింద నమోదై యుండుటచే, ప్రమాదము జరిగినను కార్మికుడు కార్మికుడని రుజువు చేసికొనుట కష్టము. 2020 ఏప్రిలులో కరోనా నిర్బంధకాలమున, మమ్ము మా ఊళ్లకు పంపుడని వేలమంది సూరతు వీధులలోనికి వచ్చినప్పుడుగాని, ఈ నగరము ఎవరి భుజములమీద నిలిచియున్నదో దేశమునకు తెలియలేదు.

ఈ శ్రామికులనడుమ వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి పోయిన పద్మశాలీలు కలరు. చేమగ్గము అన్నము పెట్టని దినములలో వారు భీవండికి, షోలాపురమునకు, సూరతునకు తరలిపోయిరి. తండ్రి సాంచె (మరమగ్గము) నడుపగా, తల్లి యింటిలో చీరలకు రాళ్లు అంటించుచు, దారములు కత్తిరించుచు నాలుగు రూపాయలు చేర్చును. సూరతు పురపాలకసంఘము వారి పిల్లలకై తెలుగుమాధ్యమపు పాఠశాలను నడుపుచున్నదన్న సంగతి తెలుగునాట కొద్దిమందికే తెలియును. 2017 అక్టోబరులో వరంగల్లువద్ద కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కునకు శంకుస్థాపన జరిగినప్పుడు, సూరతు, భీవండి పోయినవారిని తిరిగి రప్పించుటయే దాని ఉద్దేశమని ప్రభుత్వము ప్రకటించెను. వారి పేరు పథకములలో వినబడెనుగాని, వారి నోట వారి కథ వినవలెనని సూరతునకు పోయిన తెలుగు విద్యార్థిబృందములు అరుదు.

ఇచ్చట భాష యనునది నిర్ణాయకమగుచున్నది. విదేశమునుండి వచ్చిన విద్యార్థి ఆంగ్లము తెలిసిన గుజరాతీ దుబాసితో షెడ్డులోనికి పోయినప్పుడు అతడు యజమాని మాటను స్పష్టముగా వినును. ఒడియాలో, భోజపురిలో, తెలుగులో ఆలోచించు నేతగాని మాట రెండుమూడు నోళ్లు మారి సారము కోల్పోయి చేరును. పాళీ నడుమ జరుగు గంటసేపటి ముచ్చటకు నేతగాడు కొన్ని మీటర్ల కూలిని పోగొట్టుకొనును. ఆ నష్టము ఏ యాత్రయొక్క ఖర్చుపట్టికలోను కనబడదు. ఇంటిపని చేయు స్త్రీ అసలే కనబడదు. చేంబర్స్ చెప్పిన లోపములన్నియు ఒక్క షెడ్డులోనే మూర్తీభవించినవి.

ఎదురుయాత్రలు

సంఘీభావమున ఒకరు సదా చూచువారుగను, మరియొకరు సదా చూడబడువారుగను ఉండుట అన్యాయము. ఈ అన్యాయమును సవరించు యత్నములును జరిగినవి. 1999లో కర్ణాటక రైతునాయకుడు నంజుండస్వామి ప్రభృతుల ప్రేరణతో వందలాది భారతీయ రైతులు ఐరోపాఖండమునకు పోయి, తమ పొలముల భవిష్యత్తును నిర్ణయించు వాణిజ్యసంస్థల ద్వారములయెదుట నిలిచిరి. తెలంగాణమున జహీరాబాదు ప్రాంతపు పస్తాపురమున దక్కను డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళితరైతుస్త్రీలు వీడియోకెమెరా పట్టుట నేర్చుకొని, వరంగల్లు బీటీపత్తి రైతుల కష్టనష్టములను చిత్రించి, పిమ్మట పరదేశములకును పోయి అచ్చటి పత్తిరైతుల యనుభవములను తామే చిత్రించిరి. అక్షరజ్ఞానము లేని స్త్రీ విచారణకర్త్రి యైనప్పుడు ప్రశ్నల స్వరూపమే మారును. విత్తనమెవరిది, అప్పెవరిది, నష్టమెవరిది అని ఆమె సూటిగా అడుగును.

సూరతు విషయమునను ఇట్టి యెదురుయాత్ర అవసరము. సూరతున సానబట్టిన వజ్రము ఆంట్వెర్పునకు, న్యూయార్కునకు చేరుచున్నది. సూరతున నేసిన చీర మన ఊరి సంతలో దొరకుచున్నది. వస్తువు ప్రయాణించిన మార్గమున కార్మికుడు ఏల ప్రయాణింపరాదు? ఆంట్వెర్పు విద్యార్థి సూరతును చూచినంతనే సరికాదు. వజ్రపు ధరలో దానిని సానబట్టిన రత్నకళాకారుని భాగమెంతయని తన ఊరి నగలదుకాణమును అతడు అడుగవలయును. తెలుగు విద్యార్థి తన యింటి చీర మీటరుకూలి యెంతయో తెలిసికొనవలయును. పరదేశమున చూచిన కష్టమునకును, తన యింట అనుభవించు సౌఖ్యమునకును గల లంకె తెలియనిచో ఆ యాత్ర అసంపూర్ణము.

యాత్రకు గీటురాళ్లు

పై ఉదాహరణములను క్రోడీకరించి చూడగా నాలుగు లక్షణములు తేలుచున్నవి. మొదటిది, ప్రశ్న ఆతిథేయిదై యుండవలయును. యాత్రకు ముందే, మీరు మానుండి యేమి తెలిసికొనగోరుదురు, మాచేత ఎవరిని అడిగింపగోరుదురు అని కార్మికులను విచారింపవలయును. రెండవది, భారము యాత్రికునిదై యుండవలయును. పోయిన కూలిని పరిహారముగా కాక హక్కుగా చెల్లింపవలయును, బసయు భోజనమును ఆతిథేయి దామాషాలో ఉండవలయును. మూడవది, సేకరించిన జ్ఞానము సేకరించిన వాడకే మొదట తిరిగి చేరవలయును. అరుణ్ టుకడీవారి లెక్కలవలె, అది ఆ జనుల భాషలో, ఆ జనులయెదుట చదువబడి, వారు దిద్దిన పిమ్మటనే విశ్వవిద్యాలయమునకు పోవలయును. నాలుగవది, మరల వచ్చుట. ఒక్క విద్యార్థియే యాన్ బ్రేమన్‌వలె అర్ధశతాబ్ది రానక్కరలేదు. కాని ఒక విద్యాలయము ఒక వాడను ఎన్నుకొని, ఏటేటా క్రొత్తబృందమును పంపుచు, పాతబృందపు వాగ్దానములకు క్రొత్తబృందము బాధ్యత వహించునట్లు చేయవచ్చును.

ఈ లక్షణములను కఠినములని త్రోసివేయుటకు వీలులేదు. ఇవి యన్నియు ఈ సీమలోనే, సామాన్యసాధనములతో, ఆచరింపబడినవి. యౌవనమున ఒక్కమారు చూచిన దృశ్యము జీవితమునే మార్చుననుటకు ఇళా భట్ చరిత్రయే సాక్ష్యము. కావున యాత్రలను నిషేధింపుమనువారితో నేను ఏకీభవింపను. జాడలేకుండ వచ్చి పోవు యాత్రలతోడనే నాకు విరోధము.

తెలుగు విద్యార్థులకు ఈ విషయమున విశేషాధికారము కలదు, విశేషబాధ్యతయు కలదు. సూరతులోనే 1961లో స్థాపితమైన సర్దార్ వల్లభాయి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ కలదు. దక్షిణ గుజరాతు విశ్వవిద్యాలయము కలదు. సాంఘికాధ్యయన కేంద్రము కలదు. ఆ నగరమున చదువు తెలుగు యువకుడు కొలది మైళ్ల దూరమున లింబాయత్‌లో తన భాషలోనే తన కష్టము చెప్పుకొను నేతగానిని దుబాసి లేకుండ వినగలడు. హైదరాబాదులోను, వరంగల్లులోను చదువువారికి సూరతు ఒక రాత్రి రైలుప్రయాణము. పరదేశముల బీదలను చూచుటకు పోవలెనని ఉవ్విళ్లూరు మన విద్యాలయములు మొదట అచ్చటికి ఒక బృందమును పంపి, పాళీవేళలు, మీటరుకూలి, అద్దెలు, పిల్లల చదువు, చెవుల జబ్బు మొదలగు విషయములను నేతగాండ్రు అడుగుమన్నట్లే అడిగి, ఆ నివేదికను తెలుగున వ్రాసి, లింబాయత్ వాడలో సెలవునాడు బిగ్గరగా చదివి వినిపించి, వారు తప్పన్నచోట దిద్దుకొని, దానిని గుజరాతు కార్మికశాఖకును, తెలంగాణ చేనేత జౌళిశాఖకును సమర్పించి, మరుసటియేడు ఏమి జరిగినదో చెప్పుటకు మరల పోవలయును. ఈ పని చేయనేర్చిన విద్యార్థికి ఏ దేశమునకైనను సంఘీభావముతో పోవు అర్హత లభించును. ఆ అర్హత నార్జించిన పిమ్మటనే అతడు విదేశమునకు పోవుట ఉచితము.